పర్యావరణ నిర్ణయాల్లో ప్రజల భాగస్వామ్యం

గనులు, ఆనకట్టలు, విద్యుత్ కేంద్రాలు, రేవులు, రసాయన పరిశ్రమలు మొదలైన వాటికి ప్రభుత్వం అనుమతి ఇచ్చే ముందు, వాటివల్ల గాలికి, నీటికి, నేలకు, అడవికి, జీవనోపాధికి ఎంత హాని కలుగుతుందో ప్రజలకు తెలియజేసి, వారి అభ్యంతరాలను, సూచనలను స్వీకరించి, తుది నిర్ణయంలో వాటిని పరిగణించే చట్టబద్ధమైన ప్రక్రియను పర్యావరణ నిర్ణయాల్లో ప్రజల భాగస్వామ్యం అంటారు. భారతదేశంలో దీనికి బాగా తెలిసిన రూపం పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. వాడుకలో దీనిని పబ్లిక్ హియరింగ్ అని కూడా అంటారు. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ తీర్మానం, భూసేకరణకు ముందు జరిగే సామాజిక ప్రభావ మదింపు, ముసాయిదా నోటిఫికేషన్లపై అభ్యంతరాల స్వీకరణ, జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు, హరిత ట్రైబ్యునల్‌లో అప్పీలు చేసుకునే హక్కు కూడా ఈ భాగస్వామ్యంలోని అంగాలే.

భావన, ప్రయోజనం

ఈ భావనకు మూడు ఆధారాలున్నాయి. నష్టం భరించేవారికి నిర్ణయంలో మాట ఉండాలన్నది మొదటిది. ఇది న్యాయానికి సంబంధించిన వాదన. రెండవది జ్ఞానానికి సంబంధించినది. ఏ చెరువు ఏ నెలలో ఎండుతుందో, ఏ వాగు ఎటు పొంగుతుందో, వలస పక్షులు ఎక్కడ దిగుతాయో, ఏ పోరంబోకు భూమిలో ఎవరి పశువులు మేస్తాయో అక్కడివారికి తెలిసినంతగా కొద్ది వారాలు సర్వే చేసి వెళ్లే సలహా సంస్థలకు తెలియదు కనుక, స్థానికుల మాట వినకుండా రాసిన నివేదిక శాస్త్రీయంగా కూడా అసంపూర్ణమే అవుతుంది. మూడవది పాలనకు సంబంధించినది: అడిగి తీసుకున్న నిర్ణయానికి ఆమోదం దొరుకుతుంది, అడగకుండా తీసుకున్న నిర్ణయం వీధుల్లోనూ న్యాయస్థానాల్లోనూ సవాలును ఎదుర్కొంటుంది.

ప్రజలను సమావేశానికి పిలిచినంత మాత్రాన భాగస్వామ్యం జరిగినట్లు కాదని అమెరికా సామాజిక విశ్లేషకురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రచురించిన వ్యాసంలో వాదించారు. పౌర భాగస్వామ్యాన్ని ఆమె ఎనిమిది మెట్ల నిచ్చెనగా చిత్రించారు. అడుగు మెట్లలో ప్రజలను మభ్యపెట్టడం, బుజ్జగించడం ఉంటాయి. నడిమి మెట్లలో సమాచారం ఇవ్వడం, సంప్రదించడం, నామమాత్రపు స్థానం కల్పించడం ఉంటాయి. పై మెట్లలో సమాన భాగస్వామ్యం, అధికార బదిలీ, పౌర నియంత్రణ ఉంటాయి. ఈ కొలతతో చూస్తే భారతీయ ప్రజాభిప్రాయ సేకరణ నడిమి మెట్ల దగ్గరే నిలుస్తుంది. అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారం మాత్రం పై మెట్లను తాకుతుంది. ఈ వ్యాసంలో వివరించే వివాదాల్లో అధికభాగం ఈ రెంటి మధ్య ఉన్న దూరం నుంచే పుట్టాయి.

అంతర్జాతీయ నేపథ్యం

ఒక ప్రాజెక్టు పర్యావరణంపై చూపే ప్రభావాన్ని ముందే అంచనా వేసి, ఆ అంచనాను ప్రజల ముందు ఉంచాలన్న నియమం అమెరికాలో 1970 జనవరి 1న అమలులోకి వచ్చిన జాతీయ పర్యావరణ విధాన చట్టంతో రూపుదిద్దుకుంది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే కెనడా ఒక విశిష్టమైన ప్రయోగం చేసింది. ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి సహజవాయువును తెచ్చే మెకంజీ లోయ పైపులైను ప్రతిపాదనపై న్యాయమూర్తి థామస్ బెర్గర్ నాయకత్వంలో 1974లో విచారణ మొదలైంది. ఆయన 35 జనావాసాలకు స్వయంగా వెళ్లి ఆదివాసుల మాటలను వారి వారి భాషల్లోనే విన్నారు. నిపుణులను నియమించుకునే స్తోమత లేని సంఘాలకు ప్రభుత్వ నిధులు ఇప్పించారు. పైపులైను నిర్మాణాన్ని పదేళ్లపాటు వాయిదా వేయాలని ఆయన 1977లో సిఫారసు చేశారు. వినడానికి తగిన సమయం, భాష, నిధులు సమకూర్చినప్పుడు విచారణ ఎంత లోతుగా సాగగలదో చూపడానికి ఈ ఉదాహరణను ఇప్పటికీ ప్రస్తావిస్తారు.

1992లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు ప్రకటనలోని పదవ సూత్రం ఈ భావనకు ప్రపంచ స్థాయి గుర్తింపును ఇచ్చింది. పర్యావరణ సమాచారం పొందే హక్కు, నిర్ణయాల్లో పాల్గొనే హక్కు, అన్యాయం జరిగినప్పుడు న్యాయం పొందే హక్కు అనే మూడు స్తంభాలను ఆ సూత్రం పేర్కొంది. సమాచారం లేనిదే పాల్గొనడం కుదరదు, న్యాయం దొరకకపోతే పాల్గొన్నా ఫలితం ఉండదు కనుక ఈ మూడింటిని విడదీయరాదన్నది దాని సారాంశం. ఈ సూత్రాన్ని కట్టుబడి తీరవలసిన చట్టంగా మార్చిన మొదటి ఒప్పందం 1998 జూన్‌లో డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో ఆమోదం పొంది, 2001 అక్టోబరులో అమలులోకి వచ్చింది. ఒప్పందాన్ని ఉల్లంఘించిన ప్రభుత్వంపై పౌరులే నేరుగా ఫిర్యాదు చేసేందుకు వీలిచ్చే పరిశీలక కమిటీ దాని ప్రత్యేకత. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాల కోసం 2018లో కోస్టారికాలోని ఎస్కసూలో కుదిరి 2021 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ఒప్పందం మరొక అడుగు ముందుకు వేసి, పర్యావరణ హక్కుల కోసం పోరాడేవారి ప్రాణ రక్షణను కూడా ప్రభుత్వాల బాధ్యతగా చేసింది. ఈ రెండు ఒప్పందాలలో భారతదేశం భాగస్వామి కాదు. అందువల్ల ఇక్కడి ప్రజల హక్కులు దేశీయ చట్టాల మీద, న్యాయస్థానాల తీర్పుల మీద ఆధారపడి ఉన్నాయి.

భారతదేశంలో చట్ట పరిణామం

1976లో జరిగిన 42వ రాజ్యాంగ సవరణ పర్యావరణ పరిరక్షణను 48ఎ అధికరణం ద్వారా రాజ్యం బాధ్యతగాను, 51ఎ(జి) ద్వారా పౌరుల ప్రాథమిక విధిగాను చేర్చింది. 1974 నాటి జల కాలుష్య చట్టం, 1981 నాటి వాయు కాలుష్య చట్టం కాలుష్య నియంత్రణ మండళ్లకు అధికారాలిచ్చినా, అనుమతుల విషయంలో ప్రజలను సంప్రదించే ఏర్పాటు వాటిలో లేదు. 1984 డిసెంబరులో జరిగిన భోపాల్ విషవాయు దుర్ఘటన ఈ లోపం ఎంత ప్రమాదకరమో చూపింది. ఆ కర్మాగారంలో ఏ రసాయనాలు నిల్వ ఉన్నాయో, అవి వెలువడితే ఏమి చేయాలో దాని చుట్టుపక్కల నివసించినవారికి తెలియదు. ఆ దుర్ఘటన తరువాత వచ్చిన 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1994 జనవరి 27న పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ వెలువడింది. ప్రాజెక్టు వల్ల కలిగే ప్రభావాలను ముందుగా అధ్యయనం చేసి, వాటి నివారణకు ప్రణాళిక రూపొందించడమే ప్రభావ మదింపు. దీనిని ఈఐఏ అన్న పొడి అక్షరాలతో వ్యవహరిస్తారు. మొదట్లో ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కాదు. 1997 ఏప్రిల్ 10 నాటి సవరణతో అది తప్పనిసరి అయింది.

ఈ నోటిఫికేషన్ స్థానంలో 2006 సెప్టెంబరు 14న వచ్చిన కొత్త నోటిఫికేషన్ అనేక సవరణలతో నేటికీ అమలులో ఉంది. ఇది ప్రాజెక్టులను పరిమాణాన్ని, ప్రభావాన్ని బట్టి ‘ఎ’, ‘బి’ వర్గాలుగా విభజిస్తుంది. ‘ఎ’ వర్గానికి కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ, ‘బి’ వర్గానికి రాష్ట్ర స్థాయి పర్యావరణ ప్రభావ మదింపు అధీకృత సంస్థ అనుమతి ఇస్తాయి. ‘బి’ వర్గాన్ని మళ్లీ ‘బి1’, ‘బి2’గా విడదీస్తారు, ‘బి2’ ప్రాజెక్టులకు ప్రభావ మదింపు నివేదిక గాని, ప్రజాభిప్రాయ సేకరణ గాని అవసరం లేదు. అందుచేత ఒక ప్రాజెక్టు ఏ వర్గంలో పడుతుందన్న సాంకేతిక నిర్ణయమే, ప్రజలు దాని గురించి మాట్లాడగలరా లేదా అన్నది తేల్చేస్తుంది.

ప్రజాభిప్రాయ సేకరణ జరిగే తీరు

అనుమతి ప్రక్రియ నాలుగు దశల్లో సాగుతుంది: ప్రాజెక్టు వర్గాన్ని తేల్చడం, అధ్యయన పరిధిని నిర్ణయించడం, ప్రజలను సంప్రదించడం, నిపుణుల సంఘం మదింపు చేయడం. ప్రజలను సంప్రదించడంలో రెండు భాగాలున్నాయి. స్థానికంగా నష్టపోయేవారి కోసం ప్రాజెక్టు స్థలంలో గాని, దాని సమీపంలో గాని జిల్లాలవారీగా జరిగే బహిరంగ విచారణ మొదటిది. ప్రాజెక్టుతో సంబంధమున్న ఇతరుల నుంచి లిఖితపూర్వకంగా అభిప్రాయాలు స్వీకరించడం రెండవది.

విచారణను నిర్వహించే బాధ్యత రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది. వాడుకలో దీనిని పీసీబీ అంటారు. ప్రాజెక్టు యాజమాన్యం ముసాయిదా ఈఐఏ నివేదికను, ఇంగ్లీషులోను స్థానిక భాషలోను దాని సారాంశాన్ని మండలికి సమర్పించాలి. ఆ ప్రతులను జిల్లా కలెక్టర్ కార్యాలయం, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, స్థానిక సంస్థల కార్యాలయాల్లో ప్రజలు చదువుకునేందుకు ఉంచాలి. కనీసం 30 రోజుల ముందుగా ఒక జాతీయ దినపత్రికలోను, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోను ప్రకటన వేయాలి. పత్రికలు చేరని చోట దండోరా వేయించడం, రేడియోలో ప్రకటించడం వంటి మార్గాలు అనుసరించాలి. జిల్లా కలెక్టర్ గాని, అదనపు కలెక్టర్ హోదాకు తగ్గని ప్రతినిధి గాని అధ్యక్షత వహిస్తారు. ఎంతమంది హాజరైతే సభ చెల్లుతుందన్న నియమం లేదు. మొదట యాజమాన్య ప్రతినిధి ప్రాజెక్టు గురించి, నివేదిక సారాంశం గురించి వివరిస్తారు; తరువాత హాజరైన ప్రతి ఒక్కరికి ప్రశ్నించే, వివరణ కోరే అవకాశం ఉంటుంది. కార్యక్రమం మొత్తాన్ని వీడియో తీయాలి. ముగింపులో వచ్చిన అభిప్రాయాలను స్థానిక భాషలో సభకు చదివి వినిపించి, ఆ కార్యకలాపాల పత్రంపై అధ్యక్షుడు అదే రోజున సంతకం చేయాలి.

ఈ ప్రక్రియ అంతా యాజమాన్యం కోరిన నాటి నుంచి 45 రోజుల్లో ముగియాలి. ప్రజలు లేవనెత్తిన ముఖ్యమైన అంశాలకు సమాధానాలు చేర్చి యాజమాన్యం తుది నివేదికను తయారు చేస్తే, నిపుణుల మదింపు సంఘం దానిని పరిశీలించి అనుమతిని సిఫారసు చేయడమో తిరస్కరించడమో చేస్తుంది. సభలో ఓటింగు ఉండదు. హాజరైనవారందరూ వ్యతిరేకించినా అనుమతి ఇవ్వడానికి చట్టం అడ్డు చెప్పదు. అందరూ సమర్థించినా నిరాకరించడానికీ అడ్డు చెప్పదు. అభిప్రాయాలను పరిగణించడం మాత్రమే చట్టం విధించిన బాధ్యత.

మినహాయింపుల విస్తరణ

2006 నోటిఫికేషన్ మొదటి నుంచే కొన్ని ప్రాజెక్టులను ప్రజా సంప్రదింపుల నుంచి మినహాయించింది. సాగునీటి ప్రాజెక్టుల ఆధునికీకరణ, ముందే అనుమతి పొందిన పారిశ్రామిక వాడల్లోని పరిశ్రమలు, కొత్తగా భూసేకరణ అవసరం లేని రహదారి విస్తరణ, భవన నిర్మాణాలు, దేశ రక్షణకు సంబంధించిన ప్రాజెక్టులు వాటిలో ముఖ్యమైనవి. స్థానిక పరిస్థితుల వల్ల ప్రజలు స్వేచ్ఛగా మాట్లాడే వీలు లేదని నిర్వాహక సంస్థ నివేదిస్తే, బహిరంగ విచారణ లేకుండానే ముందుకు సాగే వెసులుబాటు కూడా ఉంది.

తరువాతి సవరణలు ఈ జాబితాను పెంచుతూ వచ్చాయి. 2020 జనవరిలో చమురు, సహజవాయు అన్వేషణను ‘బి2’ వర్గంలోకి మార్చారు. పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను మాత్రమే తయారుచేసే ధాన్య ఆధారిత కర్మాగారాలకు, వ్యర్థ జలాన్ని బయటకు వదలరాదన్న షరతుపై, 2021 జూన్‌లో అదే వెసులుబాటు లభించింది. యురేనియం వంటి అణు ఖనిజాలు, కీలక ఖనిజాల తవ్వకాన్ని ప్రజా సంప్రదింపుల నుంచి మినహాయిస్తూ 2025 సెప్టెంబరులో మంత్రిత్వశాఖ ఉత్తర్వు జారీచేసింది.

2006 నోటిఫికేషన్ స్థానంలో కొత్తది తెచ్చేందుకు 2020 మార్చిలో తయారైన ముసాయిదా, ప్రకటన గడువును 30 రోజుల నుంచి 20 రోజులకు తగ్గించాలని ప్రతిపాదించింది. కోవిడ్ లాక్‌డౌన్ కాలంలో, ఇంగ్లీషు, హిందీ భాషలకే పరిమితమై వచ్చిన ఆ ముసాయిదాను రాజ్యాంగంలోని ఎనిమిదవ షెడ్యూలు భాషలన్నింటిలోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించి, అభ్యంతరాల గడువును ఆగస్టు 11 వరకు పొడిగించింది. దేశమంతటి నుంచి లక్షల సంఖ్యలో అభ్యంతరాలు వచ్చాయి. ఆ ముసాయిదా తుది రూపం దాల్చలేదు కాని, అందులోని ఉద్దేశాలు కొన్ని విడివిడి ఉత్తర్వుల రూపంలో తరువాత అమలులోకి వచ్చాయని విమర్శకులు పేర్కొంటారు.

గ్రామసభ అధికారం

గిరిజన ప్రాంతాలలో ప్రజల భాగస్వామ్యం మరొక దారిలో బలపడింది. అప్పటి విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలో ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన గని లీజులను సవాలు చేస్తూ సమత అనే స్వచ్ఛంద సంస్థ సాగించిన న్యాయపోరాటంలో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూములను కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని ఆ తీర్పు స్పష్టం చేసింది. సమత తీర్పు అన్న పేరుతో ప్రసిద్ధమైన ఇది తెలుగు నేలపై పుట్టి దేశవ్యాప్తంగా ఆదివాసీ హక్కుల వాదనలకు ఆధారమైంది. అంతకు కొద్ది నెలల ముందు, షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరిస్తూ 1996 డిసెంబరులో వచ్చిన పెసా చట్టం అక్కడ భూసేకరణకు ముందు గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలని, చిన్న తరహా ఖనిజాల లీజుకు వాటి ముందస్తు సిఫారసు ఉండాలని నిర్దేశించింది.

2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభను మరింత బలమైన స్థానంలో నిలిపింది. అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించే ముందు గ్రామసభ అంగీకారం పొందాలని కేంద్రం 2009లో ఆదేశించింది. ఈ అధికారానికి నిజమైన పరీక్ష ఒడిశాలోని నియమగిరి కొండల్లో జరిగింది. డోంగరియా కొంధులు దైవంగా కొలిచే ఆ కొండలపై బాక్సైట్ తవ్వకానికి సంబంధించిన కేసులో, వారి మత, సాంస్కృతిక హక్కులపై నిర్ణయం చెప్పవలసింది గ్రామసభలేనని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పునిచ్చి, జిల్లా న్యాయమూర్తి హోదా గల పరిశీలకుడి సమక్షంలో సభలు జరపాలని ఆదేశించింది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలూ తవ్వకాన్ని తిరస్కరించాయి; 2014 జనవరిలో కేంద్రం అటవీ అనుమతిని నిరాకరించింది. సంప్రదింపు, సమ్మతి అన్న రెండు పద్ధతుల మధ్య తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది: మొదటి పద్ధతిలో ప్రభుత్వం వింటే సరిపోతుంది, రెండవ పద్ధతిలో ప్రజలు ఒప్పుకోవాలి. అయితే గ్రామసభ సమ్మతిని, అటవీ హక్కుల పరిష్కారాన్ని కేంద్రం అనుమతికి ముందు చూడవలసిన అవసరం లేకుండా, ఆ బాధ్యతను తరువాతి దశలో రాష్ట్ర ప్రభుత్వానికి వదిలిన 2022 నాటి అటవీ సంరక్షణ నియమాలు ఈ అధికారాన్ని పలుచన చేశాయన్న విమర్శ ఉంది.

తెలుగు రాష్ట్రాల అనుభవం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోను, విభజన తరువాత రెండు రాష్ట్రాల్లోను జరిగిన వివాదాలు ప్రజాభిప్రాయ సేకరణలోని ప్రతి సమస్యకు ఒక ఉదాహరణను అందిస్తాయి. ఎవరిని అడగాలన్న ప్రశ్న పోలవరం ప్రాజెక్టులో తలెత్తింది. గోదావరిపై నిర్మిస్తున్న ఈ ప్రాజెక్టుకు 2005 అక్టోబరులో పర్యావరణ అనుమతి లభించింది. దానికి ముందు ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది కాని, ముంపు ప్రభావం ఉండే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ గ్రామాల్లో జరగలేదు. ఈ కారణంగా జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ 2007 డిసెంబరులో అనుమతిని రద్దు చేయగా, ఆ ఉత్తర్వు అమలును రాష్ట్ర హైకోర్టు నిలిపివేసింది. 2011 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ పనులు నిలిపివేయాలని ఆదేశించింది. ఆ ఆదేశాన్ని ఎప్పటికప్పుడు పక్కన పెడుతూ నిర్మాణాన్ని కొనసాగించారు. ప్రాజెక్టు రాష్ట్ర సరిహద్దుల్లో ఆగుతుంది కాని నీరు ఆగదు. విచారణను జిల్లాలకు, రాష్ట్రాలకు పరిమితం చేసే పాలనా పద్ధతి నదులకు సరిపడదని ఈ వివాదం చూపుతుంది.

విన్న తరువాత ఏమి చేయాలన్న ప్రశ్న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో విషాదంగా ముగిసింది. స్థానికులు బీల అని పిలిచే చిత్తడి నేలల్లో 2,640 మెగావాట్ల బొగ్గు ఆధారిత విద్యుత్ కేంద్రాన్ని ప్రతిపాదించగా, 2009 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో తీవ్ర వ్యతిరేకత వ్యక్తమైంది. బీల నీటితో సాగయ్యే పొలాల రైతులు, ఆ నీటిలో చేపలు పట్టే మత్స్యకారులు దానిని వ్యతిరేకించినవారిలో ప్రధానులు. పనికిరాని బీడు నేలగా దస్త్రాల్లో కనిపించిన ప్రదేశం వారికి బతుకుతెరువు. అయినా ఆ ఏడాది చివరలో అనుమతి వచ్చింది. 2010 జూలై 14న పనులు ప్రారంభించే ప్రయత్నాన్ని అడ్డుకున్న ప్రజలపై పోలీసులు కాల్పులు జరపడంతో ప్రాణనష్టం జరిగింది. అదే నెలలో అప్పిలేట్ అథారిటీ ఆ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అదే జిల్లాలోని కాకరాపల్లిలో మరొక విద్యుత్ కేంద్రంపై సాగిన ఆందోళనలో 2011 ఫిబ్రవరి 28న జరిగిన కాల్పుల్లో ఇద్దరు మరణించారు. అక్కడ కూడా వివాదానికి మూలం చిత్తడి నేలే.

ఎప్పుడు అడగాలన్న ప్రశ్నకు కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ఉదాహరణ. దానికి 2017 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణలు జరిగి, డిసెంబరులో పర్యావరణ అనుమతి లభించింది. అయితే అప్పటికే నిర్మాణం చాలావరకు సాగిందని, పనులు మొదలైన తరువాత ఇచ్చిన ఆ అనుమతి చట్టవిరుద్ధమని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2020 అక్టోబరు 20న తేల్చింది. జరిగిన పనిని వెనక్కి తీసుకోలేని స్థితిలో, కలిగిన నష్టాన్ని అంచనా వేసి పరిహార చర్యలు సూచించేందుకు కమిటీ వేయాలని మాత్రమే ఆదేశించగలిగింది.

ప్రజల వ్యతిరేకత ప్రభుత్వ వైఖరిని మార్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. నాగార్జునసాగర్ జలాశయానికి సమీపంలోని లంబాపూర్–పెద్దగట్టు యురేనియం గనుల ప్రతిపాదనపై 2003 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో స్థానికులతోపాటు శాస్త్రవేత్తలు, జలాశయం తాగునీటిపై ఆధారపడిన ప్రాంతాలవారు అభ్యంతరాలు తెలిపారు. ఆ గనులు కార్యరూపం దాల్చలేదు. 2019లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు ప్రతిపాదన వచ్చినప్పుడు చెలరేగిన నిరసనల ఫలితంగా తెలంగాణ శాసనసభ సెప్టెంబరు 16న దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అణు ఖనిజాలకు 2025లో ఇచ్చిన మినహాయింపును ఈ నేపథ్యంలో చూడవలసి ఉంటుంది. 2003లో పెద్దగట్టు ప్రజలు మాట్లాడిన వేదిక అటువంటి కొత్త ప్రతిపాదనలకు ఇకపై చట్టప్రకారం తప్పనిసరి కాదు.

అసలు అడగకపోతే ఏమవుతుందో ఇథనాల్ కర్మాగారాల వివాదాలు చూపుతున్నాయి. నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ వంటి చోట్ల గ్రామస్థులు తమ అభ్యంతరాలను రహదారులపై బైఠాయించి చెప్పుకోవలసి వచ్చింది. 2024 నవంబరులో దిలావర్‌పూర్‌లో జాతీయ రహదారిని దిగ్బంధించిన తరువాతే అధికారులు పనులు నిలిపివేయించారు. విచారణను తప్పిస్తే సమయం ఆదా అవుతుందన్న వాదనకు ఈ ఘటనలు వ్యతిరేక సాక్ష్యాలు.

ఒక ప్రాజెక్టుకు కాక ఒక విధానానికి సంబంధించి జరిగిన సంప్రదింపులకు బీటీ వంకాయ ఉదాహరణ. జన్యుమార్పిడి చేసిన ఈ పంటకు 2009 అక్టోబరులో నియంత్రణ సంఘం ఆమోదం తెలిపినా, అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ 2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లో హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిపి, రైతులు, శాస్త్రవేత్తలు, వినియోగదారులు, విత్తన సంస్థల వాదనలు విన్నారు. ఫిబ్రవరి 9న ఆయన వాణిజ్య సాగుపై తాత్కాలిక నిషేధం ప్రకటిస్తూ, తాను విన్న అభిప్రాయాలను, తన నిర్ణయానికి కారణాలను వివరించే పత్రాన్ని విడుదల చేశారు. ఆ నిర్ణయం మంచిచెడులపై భిన్నాభిప్రాయాలు ఉన్నప్పటికీ, విన్నదానికి రాతపూర్వకమైన సమాధానం ఇచ్చిన అరుదైన సందర్భంగా అది నిలిచింది.

న్యాయస్థానాల పాత్ర

చట్టంలోని ఖాళీలను న్యాయస్థానాలు కొంతవరకు పూరించాయి. ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటనలు, సమయం, స్థలం, నివేదిక ప్రతుల లభ్యత విషయంలో పాటించవలసిన పద్ధతులను గుజరాత్ హైకోర్టు 2000లో నిర్దేశించింది. గోవాలోని ఒక గనికి సంబంధించిన ఉత్కర్ష్ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2009లో ఒక కీలకమైన సూత్రం చెప్పింది: ప్రజలు లేవనెత్తిన అభ్యంతరాలను నిపుణుల సంఘం ఎందుకు అంగీకరించిందో, ఎందుకు తోసిపుచ్చిందో కారణాలతో సహా నమోదు చేయాలి. అభ్యంతరాలను పరిగణించినట్లు ఒక వాక్యం రాసి సరిపెట్టే అలవాటుకు ఇది న్యాయపరమైన అడ్డుకట్ట. హైదరాబాద్ తాగునీటి జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ సమీపంలో పరిశ్రమ స్థాపనకు సంబంధించిన ఎం.వి.నాయుడు కేసులో సుప్రీంకోర్టు 1999లో ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరిస్తూ, హాని ఉండదని నిరూపించవలసిన బాధ్యత ప్రాజెక్టు ప్రతిపాదించినవారిదేనని, శాస్త్ర నిపుణులతో కూడిన పర్యావరణ న్యాయస్థానాలు అవసరమని పేర్కొంది.

2010 చట్టంతో ఏర్పడిన జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో న్యాయమూర్తులతోపాటు నిపుణ సభ్యులు ఉంటారు. పర్యావరణ అనుమతిపై 30 రోజుల్లో అప్పీలు చేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు గడువు పొడిగిస్తారు. తెలుగు రాష్ట్రాలు చెన్నైలోని దక్షిణ ధర్మాసనం పరిధిలోకి వస్తాయి. అనుమతి పత్రం సంగతి ఆలస్యంగా తెలుసుకునే మారుమూల గ్రామస్థులకు గడువు, దూరం రెండూ ఆటంకాలే. పనులు మొదలైన తరువాత అనుమతి ఇచ్చే పద్ధతి పర్యావరణ న్యాయశాస్త్రానికి పరాయిదని 2020 ఏప్రిల్‌లో చెప్పిన సుప్రీంకోర్టు, 2025 మే 16న వనశక్తి కేసులో అటువంటి అనుమతులకు వీలిచ్చే ఉత్తర్వులను కొట్టివేసింది. అయితే అదే సంవత్సరం నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ నిర్ణయంతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. ముందస్తు అనుమతి అన్న సూత్రం ఇంకా స్థిరపడలేదనడానికి ఇది నిదర్శనం.

లోపాలు, విమర్శలు

అన్నింటికంటే మౌలికమైన విమర్శ నివేదిక తయారీపై ఉంది. ఈఐఏ నివేదికను ప్రాజెక్టు యాజమాన్యమే డబ్బు చెల్లించి నియమించుకున్న సలహా సంస్థ రాస్తుంది. ఆ సంస్థకు గుర్తింపు ఉండాలన్న నియమం ఉన్నా, ఖర్చు భరించేవారికి ప్రతికూలంగా రాయడం దానికి కష్టం. రెండవ విమర్శ భాషపై ఉంది. వందల పుటల సాంకేతిక నివేదిక ఇంగ్లీషులో ఉండి, తెలుగులో కొద్ది పుటల సారాంశం మాత్రమే దొరికినప్పుడు, అసలు లెక్కలు ప్రజలకు అందవు. ఆ సారాంశం కూడా అనువాదపు తెలుగులో, పారిభాషిక పదాలతో నిండి ఉంటే చదివినవారికి బోధపడదు. మూడవది సభ వాతావరణానికి సంబంధించినది. పోలీసు బందోబస్తు, రాజకీయ నాయకుల ప్రసంగాలు, ఉద్యోగాల హామీలు, అనుకూలంగా మాట్లాడేందుకు తరలించిన జనం మధ్య భూమిలేని కూలీలు, మహిళలు, మత్స్యకారులు, పశువుల కాపరులు నోరు విప్పడం కష్టం. పరిహారం చర్చ భూ యజమానుల చుట్టూ తిరుగుతుంది కనుక, ఉమ్మడి వనరుల మీద బతికేవారి నష్టం నమోదు కాకుండా పోతుంది.

నాలుగవది కాలానికి సంబంధించినది. అవగాహన ఒప్పందాలు కుదిరి, భూసేకరణ మొదలై, శంకుస్థాపన జరిగిన తరువాత నిర్వహించే సభలో ప్రత్యామ్నాయ స్థలం గురించి గాని, ప్రాజెక్టు అవసరం గురించి గాని చర్చించే అవకాశం మిగలదు. 2013 నాటి భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ మదింపును, ప్రైవేటు ప్రాజెక్టులకు 80 శాతం, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టులకు 70 శాతం భూ యజమానుల సమ్మతిని తప్పనిసరి చేసి ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం చేసింది. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2018లోను తెచ్చిన రాష్ట్ర సవరణలు కొన్ని తరహాల ప్రాజెక్టులను ఆ నిబంధనల నుంచి మినహాయించాయి.

మరోవైపు, ప్రజాభిప్రాయ సేకరణ వల్ల అభివృద్ధి ఆలస్యమవుతుందని, స్థానిక ప్రయోజనాలు జాతీయ అవసరాలకు అడ్డువస్తాయని, వ్యతిరేకులు సభలను అడ్డుకుని ప్రక్రియను దుర్వినియోగం చేస్తారని పరిశ్రమ వర్గాలు, ప్రభుత్వాలు వాదిస్తాయి. ఈ వాదనలో కొంత నిజముంది. దేశానికి విద్యుత్తు, ఖనిజాలు, నీరు కావాలి, వాటి భారాన్ని ఏదో ఒక ప్రాంతం మోయక తప్పదు. అయితే ఎవరు మోయాలో, ఎంత మోయాలో, దానికి ప్రతిఫలం ఏమిటో తేల్చవలసిన ప్రక్రియే ప్రజాభిప్రాయ సేకరణ. పైగా అది 45 రోజుల్లో ముగియవలసిన దశ కాగా, దానిని సరిగా జరపనందున తలెత్తిన వివాదాలు సోంపేటలోను పోలవరంలోను సంవత్సరాల తరబడి సాగాయి.

మూల్యాంకనం

పర్యావరణ పరిశోధకులు, ఉద్యమ సంస్థలు తరచుగా సూచించే సంస్కరణలు కొన్ని ఉన్నాయి. ఈఐఏ సలహా సంస్థలకు యాజమాన్యం కాక స్వతంత్ర నిధి ద్వారా చెల్లింపులు జరగడం, పూర్తి నివేదికను స్థానిక భాషలో అందించడం, అధ్యయన పరిధిని నిర్ణయించే తొలి దశలోనే ప్రజలను పిలవడం, గ్రామసభలు తమకు నచ్చిన నిపుణులను సంప్రదించేందుకు నిధులు ఇవ్వడం, ప్రతి అభ్యంతరానికి కారణాలతో కూడిన సమాధానాన్ని ప్రచురించడం, అనుమతి తరువాత షరతుల అమలు పర్యవేక్షణలో గ్రామస్థులకు స్థానం కల్పించడం వాటిలో ప్రధానమైనవి. వీటిలో చాలావాటికి కొత్త చట్టం అవసరం లేదు. ఉన్న నోటిఫికేషన్‌ను సవరిస్తే చాలు.

మూడు దశాబ్దాల భారతీయ అనుభవాన్ని సమీక్షిస్తే, ప్రజాభిప్రాయ సేకరణ విలువను మూడు అంశాలు నిర్ణయిస్తాయని తేలుతుంది: నిర్ణయానికి ఎంత ముందు అడిగారు, అడిగే ముందు ఎంత సమాచారం ఇచ్చారు, విన్న తరువాత ఏమి సమాధానం చెప్పారు. నియమగిరిలో ఈ మూడూ ఉన్నాయి. కాళేశ్వరంలో మొదటిది లోపించింది, సోంపేటలో మూడవది లోపించింది, ఇథనాల్ కర్మాగారాల విషయంలో ప్రశ్నే వేయలేదు. వీడియో, సంతకాలు, పత్రికా ప్రకటన సక్రమంగా ఉన్నంత మాత్రాన ప్రజల భాగస్వామ్యం నెరవేరినట్లు కాదు. ప్రజలు చెప్పిన మాట నిర్ణయాన్ని మార్చగల అవకాశం ఉన్న చోటనే అది నెరవేరుతుంది.